తలుపు మూశాం సరే, కిటికీ సంగతేంటి?

మా బంధువుల్లో ఒకాయనకి ఈమధ్య ఫ్లూ వచ్చింది. తేలికపాటిదే, ఇంట్లోనే విడిగా ఉంటే చాలు అని చెప్పి డాక్టరు ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టారట. ఆయన భార్య దాన్ని ఫొటో తీసి నాకు పంపించి, "ఇవన్నీ చేస్తున్నాం, ఇంకేమైనా మిగిలిందేమో చూడవా" అంది. చదివాను. కంచం, గ్లాసు వేరుగా పెట్టాలి. తువ్వాలు వేరుగా ఉంచాలి. దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టాలి. తలుపు గడియలు, స్విచ్చులు, సెల్‌ఫోను రోజూ తుడవాలి. చెత్త వేరే సంచిలో కట్టాలి. గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి, ఎవరూ లోపలికి వెళ్లకూడదు. కాగితం నిండా ఇవే. అన్నిటికన్నా కింద, అంచుకి ఆనుకుని ఒక్క వాక్యం: "గదిలో గాలి, వెలుతురు ఉండేలా చూసుకోవాలి."

ఆ కాగితంలోని సూచనలు చాలావరకు తప్పు కావు. నన్ను ఇబ్బంది పెట్టింది వాటి వరస. ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల నుంచి బయటికొచ్చే వైరస్ విషయంలో అన్నిటికన్నా పైన ఉండాల్సిన మాట అట్టడుగున ఉంది. చదివేవాళ్లు పైనుంచి మొదలుపెడతారు. వంట, ఉద్యోగం, పిల్లలు, రోగి, అన్నీ ఒకే మనిషి నెత్తిన పడ్డ ఇంట్లో ఆ మనిషి ఓపిక సగం కాగితం దాకా కూడా రాదు. కంచాలు మరిగించి, గడియలు తుడిచి, అక్కడితో అలిసిపోతుంది. కిటికీ మూసే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. తేలికపాటి శ్వాసకోశ వైరస్‌తో ఒక మనిషి ఇంట్లో విడిగా ఉన్నప్పుడు, మనం పట్టుదలగా ఉండాల్సింది గాలి విషయంలో. మనిషి విషయంలో ఎంత మెత్తగా ఉంటే అంత మేలు. ఎక్కువ ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. గాలిని వదిలేసి మనిషిని వెలేస్తున్నాం.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది

దీనికి జనాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. వందేళ్లుగా వైద్యశాస్త్రమే ఇలా నేర్పింది. ఒకప్పుడు రోగాలన్నీ చెడుగాలి వల్ల వస్తాయని నమ్మేవాళ్లు. సూక్ష్మజీవుల సంగతి తెలిశాక ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టాల్సి వచ్చింది. చార్లెస్ చేపిన్ అనే అమెరికన్ ఆరోగ్యాధికారి 1910లో గట్టిగా వాదించినది అదే: రోగం గాలిలోంచి వస్తుందనుకున్నంత కాలం జనం చేతులు కడుక్కోవడం మీదా, తాకిడి మీదా శ్రద్ధ పెట్టరని. ఆ రోజులకి అది పనికొచ్చే వాదనే. కాకపోతే అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి అక్కడే గట్టిపడిపోయింది. 1930లలో విలియం వెల్స్, నోట్లోంచి వచ్చే సన్నటి తుంపర నేల మీద పడేలోపే ఎండిపోయి, మిగిలిన రేణువు గాలిలో తేలుతుందని లెక్కకట్టి చూపించాడు. 1941లో తట్టు ప్రబలినప్పుడు, ఫిలడెల్ఫియా పరిసరాల బడుల్లో ఆయన బృందం పైగాలిని శుద్ధి చేసే అతినీలలోహిత దీపాలు పెట్టిన తరగతుల్లో తట్టు తక్కువగా సోకింది. అయినా క్షయ, తట్టు లాంటి కొన్నిటికి తప్ప మిగతావాటికి ఆ మాట వర్తించదన్న అభిప్రాయమే నిలబడింది.

అందుకే 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా గాలి ద్వారా వ్యాపించదని అంత నమ్మకంగా ప్రకటించగలిగింది. అప్పటికే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ అనే చోట, ఒక బృందగాన సాధన జరిగిపోయింది. మార్చి 10న 61 మంది రెండున్నర గంటలు కలిసి పాడారు. ద్వారం దగ్గర శానిటైజర్ ఉంది. ఆ సాధన తర్వాత మొత్తం 53 మంది జబ్బుపడినట్టు తేలింది, ఇద్దరు చనిపోయారు. ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి ద్వారా వ్యాప్తిని గుర్తించమని బహిరంగంగా కోరారు. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీ, వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే సోకే అవకాశం 10,000లో ఒకటి కన్నా తక్కువని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గాలిలో ప్రయాణించే రోగకారకాల గురించి కొత్త పరిభాషని 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. శాస్త్రం కదిలింది. ఇళ్లకి చేరే అచ్చు కాగితాలు చాలావరకు పాతచోటే ఆగిపోయాయి.

పిన్ని అడిగిన ప్రశ్న

మా చిన్నాన్నకి కరోనా వచ్చినప్పుడు పిన్ని పడిన కష్టం నాకు బాగా గుర్తు. భోజనం గుమ్మం దగ్గర కుర్చీ మీద పెట్టి దూరంగా జరిగేది. ఆయన తిన్న కంచాన్ని చేతొడుగులతో తీసి విడిగా కడిగేది. బట్టలు విడిగా, బక్కెట విడిగా. చిన్నాన్న గదిలో ఏసీ నడుస్తూ ఉండేది కాబట్టి కిటికీలన్నీ బిగించి ఉండేవి. రాత్రిపూట ఆయన దగ్గు వింటూ ఆమెకి నిద్రపట్టేది కాదు. ఒంటరిగా ఎలా ఉన్నాడో అని తలుపు సగం తెరిచి, గుమ్మానికి ఇవతల చాప వేసుకుని పడుకునేది. మాస్కు పెట్టుకుని నిద్రపోలేక తీసేసేది.

ఆ వారం దాటకముందే ఆమెకీ జ్వరం వచ్చింది. ఫోన్లో నాతో అన్న మాట: "కంచం కూడా ఉత్త చేత్తో ముట్టుకోలేదురా, నాకెలా వచ్చింది?" ఆ గొంతులో బాధ కన్నా అవమానం ఎక్కువ వినిపించింది నాకు. చెప్పినవన్నీ చేసిన మనిషి, తను ఎక్కడో శుభ్రత తప్పానేమో అని తనని తాను తిట్టుకుంటోంది. ఆమెకి సరిగ్గా ఎక్కడ సోకిందో నేను తేల్చి చెప్పలేను. చిన్నాన్నకి లక్షణాలు రాకముందే సోకి ఉండొచ్చు కూడా. కానీ రాత్రంతా మూసిన గదిలో పోగైన గాలి సగం తెరిచిన తలుపులోంచి ఆమె మొహం మీదకే వచ్చింది. దాని గురించి ఆమెని హెచ్చరించినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ విషయంలో నాకు ఈనాటికీ కోపం ఉంది.

గాలి లెక్క

గదిలో ఒకరు సిగరెట్ కాలుస్తున్నారని ఊహించుకుంటే సగం సంగతి అర్థమవుతుంది. ఆ పొగ ఎక్కడ చేరుతుంది, ఎటు పోతుంది, తలుపు తీస్తే ఎవరి ముక్కుకి తగులుతుంది, ఎంతసేపటికి వాసన పోతుంది? రోగి ఊపిరి ప్రయాణం కూడా ఇంచుమించు అదే దారి.

కొంచెం లెక్క చెప్పుకుందాం, ఎందుకంటే ఇది అంకెల్లో చూస్తేనే నమ్మకం కుదురుతుంది. గది ఘనపరిమాణానికి సమానమైనంత తాజా గాలి ఒకసారి లోపలికొస్తే, పాతగాలి మొత్తం పోదు. రెండూ కలిసిపోతాయి కాబట్టి, తేలుతున్న రేణువుల్లో దాదాపు 63 శాతం పోతాయి. మూడుసార్లు మారితే 95 శాతం పోతాయి. ఆసుపత్రుల్లో గాలి ద్వారా సోకే రోగాల కోసం కట్టే ప్రత్యేక గదుల్లో గంటకి 12 సార్లు గాలి మారాలని నియమం. అంటే పావుగంటలో 95 శాతం. మామూలు భవనాల్లో గంటకి కనీసం 5 సార్లు మారేలా చూడమని సీడీసీ 2023లో చెప్పింది. అంటే సుమారు 36 నిమిషాలు. కిటికీలు బిగించిన పడకగదిలో గంటకి అరసారి మారిందనుకుందాం. అదే 95 శాతం పోవడానికి 6 గంటలు పడుతుంది. ఆ 6 గంటలూ రోగి ఊపిరి వదులుతూనే ఉంటాడు కాబట్టి, నిజానికి అది పోయేదీ లేదు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. సీలింగ్ ఫ్యాను గాలిని కలుపుతుంది తప్ప మార్చదు. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిస్తే చాలా మార్పు వస్తుంది. ఒక్క కిటికీయే ఉంటే, అందులో ఒక ఫ్యానుని బయటివైపు ఊదేలా పెట్టడం మంచి ఉపాయం. గదిలోని గాలిని అది బయటికి తోస్తుంటే, తలుపు కింది సందులోంచి ఇంట్లో గాలి రోగి గదిలోకి లాగబడుతుంది, రోగి గాలి ఇంట్లోకి రాదు. ఆసుపత్రి ప్రత్యేక గది పనిచేసే సూత్రం అదే. ఇంట్లో ఫ్యానుతో అంత కచ్చితంగా కుదరదు, దిక్కు మాత్రం సరిగ్గా ఉంటుంది. ఆ ఊదేది పక్కింటివాళ్ల కిటికీలోకి కాకుండా చూసుకోవాలి. గదికి ఆనుకుని స్నానాలగది ఉండి దానికి ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే, దాన్ని ఆపకుండా నడపడం మరీ తేలిక.

బయట చలి భరించలేనంతగా ఉంటే? పొగ, దుమ్ము ఉంటే? అప్పుడు గంటకి కొన్ని నిమిషాలు కిటికీ పూర్తిగా తెరిచి మూయొచ్చు. హెపా ఫిల్టరు (సన్నటి రేణువుల్ని కూడా పట్టేసేది) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ఉంటే రోగి గదిలోనే పెట్టాలి, హాల్లో కాదు. అది లేనివాళ్ల కోసం 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరు ఒక పద్ధతి ప్రచారం చేశారు. మంచిరకం ఫిల్టర్లు నాలుగైదు పెట్టెలా కట్టి, పైన ఒక ఫ్యాను బిగించడం. అట్టముక్కలూ, టేపూ చాలు. అది ఇంత బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. రోగిని కాపాడుకునే సాధనం ఎవరైనా సొంతంగా తయారుచేసుకోగలగడం మామూలు విషయం కాదు.

మాస్కు సంగతి క్లుప్తంగా. రోగి గదిలోకి వెళ్లే మనిషి మొహానికి సరిగ్గా అతికే ఎన్95 పెట్టుకోవాలి. ఇద్దరూ ఒకే గదిలో ఉన్న కాసేపు రోగి కూడా పెట్టుకోగలిగితే రక్షణ చాలా పెరుగుతుంది. దగ్గుతో ఊపిరాడనివాళ్లకి, చిన్నపిల్లలకి బలవంతంగా తొడగకూడదు. అలాంటప్పుడు కిటికీ పని రెట్టింపవుతుంది.

నా వాదనకి అడ్డొచ్చేవి

మొదటిది, వైరస్‌లన్నీ ఒకటి కావు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌కి చేతులు, గచ్చు, స్నానాలగది ముఖ్యం. దానికి ఆల్కహాల్ శానిటైజర్ సరిగ్గా పనిచేయదు, సబ్బు, నీళ్లు కావాలి, గచ్చుకి బ్లీచింగ్ కావాలి. హెపటైటిస్ ఎ, కళ్లకలక, పిల్లల్లో వచ్చే చేయి-కాలు-నోరు వ్యాధి కూడా తాకిడితో బాగా అంటుకుంటాయి. అక్కడ ఆ అచ్చు కాగితంలోని పై వరసే సరైన వరస. కాబట్టి డాక్టరుని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని రోజులు?" అని కాదు. "ఇది ఎలా అంటుకుంటుంది?" అని. దాని జవాబుని బట్టే ఓపికని ఎక్కడ ఖర్చుపెట్టాలో తేలుతుంది.

రెండోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. బీజింగ్‌లో 124 కరోనా ఇళ్లని పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. మొదటి రోగికి లక్షణాలు రాకముందునుంచే ఇంట్లోవాళ్లు మాస్కు పెట్టుకున్నచోట వ్యాప్తి 79 శాతం తగ్గిందని అందులో తేలింది. ఇది నాకు అనుకూలమే. కానీ క్లోరిన్‌తోనో ఆల్కహాల్‌తోనో రోజూ ఇల్లు శుభ్రం చేసినచోట కూడా 77 శాతం తగ్గిందని అదే అధ్యయనం చెబుతోంది. దాన్ని దాచి మాస్కు అంకె ఒక్కటే చెబితే నేను నిజాయితీగా లేనట్టే. నాకు తోచిన వివరణ: రోజూ ఇల్లు తుడిచేవాళ్లు మిగతా జాగ్రత్తలు కూడా ఎక్కువగానే తీసుకునే మనుషులై ఉంటారు, ఆ రెండిటినీ ఇలాంటి పరిశీలనలో విడదీయడం కష్టం. ఈ వివరణ పూర్తిగా సరైనదని ఒట్టేసి చెప్పను. తుడవొద్దని నేను ఎప్పుడూ అనను. ఓపిక రెండిటికీ ఉంటే రెండూ చేయండి. ఒక్కదానికే ఉంటే కిటికీ తెరవండి.

మూడోది అందరూ అనేదే. "ఒకే ఇంట్లో ఉన్నాక అందరికీ వచ్చేదే, ఇంత తంటా ఎందుకు?" ఇది నిజం కాదని తెలిస్తే చాలామంది ప్రవర్తన మారుతుందని నా నమ్మకం. 54 అధ్యయనాలని కలిపి 2020 డిసెంబరులో ప్రచురించిన విశ్లేషణలో, కరోనా రోగి ఇంట్లో ఉన్న మిగతావాళ్లలో సగటున 16.6 శాతానికే సోకింది. భార్యాభర్తల మధ్య మాత్రం 37.8 శాతం. ఒకే పడకగది, ఒకే గాలి, ఎక్కువ గంటలు. ఒమిక్రాన్ వచ్చాక ఇంట్లో సోకే రేటు 42 శాతం దాటింది. అయినా సగం మందికి పైగా తప్పించుకున్నారు. ఇంట్లో డెబ్బై ఏళ్ల మనిషో, కీమోథెరపీ తీసుకుంటున్న మనిషో ఉంటే, వాళ్లు తప్పించుకున్న సగంలో ఉండేలా చూడటం కోసం పడే శ్రమ ఏదీ ఎక్కువ కాదు.

తట్టు దగ్గర మాత్రం ఈ ధీమా పనికిరాదు. టీకా లేని, ఇంతకుముందు రాని వాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. రోగి వెళ్లిపోయాక కూడా 2 గంటల వరకు గాలిలో ఉండగలదు. దద్దుర్లు కనిపించేసరికి 4 రోజులుగా వ్యాపిస్తూనే ఉంటుంది. అక్కడ కిటికీ కన్నా టీకా ముఖ్యం. తగిలిన 72 గంటల్లోపు వేయించినా కొంత రక్షణ ఉంటుంది.

జ్వరం దాచేవాళ్లు

ఇక మనిషి విషయం. మెత్తగా ఉండమని నేను అంటున్నది కేవలం దయ కొద్దీ కాదు, వ్యాప్తిని ఆపడానికి కూడా.

ఫ్లూలో వైరస్ ఎక్కువగా బయటపడేది లక్షణాలు మొదలైన మొదటి రెండుమూడు రోజుల్లో. ఒకరోజు ముందునుంచే మొదలవుతుంది. హాంకాంగ్‌లో 259 ఇళ్లలో చేసి 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మాస్కు, చేతుల శుభ్రత వల్ల మొత్తం మీద చూస్తే స్పష్టమైన ఫలితం రాలేదు. కానీ రోగికి లక్షణాలు మొదలైన 36 గంటల్లోపు జాగ్రత్తలు మొదలుపెట్టిన ఇళ్లలో వ్యాప్తి తగ్గింది. అంటే అసలు విలువంతా తొలి గంటలకే. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగడమే నష్టం.

ఆ తొలి గంటల్లో ఇంటికి తెలిసేదెలా? ఆ మనిషి నోరు తెరిచి "నాకు ఒంట్లో బాగాలేదు" అని చెప్పాలి. చెబితే ఏం జరుగుతుంది? గదిలో పెట్టి తలుపు వేస్తారు, కంచం గుమ్మంలో పెట్టి పారిపోతారు, పిల్లల్ని కంటికి కనిపించనివ్వరు. ఒకసారి ఆ అనుభవం అయిన మనిషి రెండోసారి చెప్పడు. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఒళ్లు కాలిపోతున్నా, మాత్ర వేసుకుని, మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెబుతూ గడిపింది. తర్వాత కూతురు గట్టిగా అడిగితే, "చెప్తే దాన్ని నా దగ్గరికి రానివ్వరుగా" అంది. ఆవిడది నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పదు. విడిగా ఉండటం అంటే ఏమిటో ఆ ఇల్లు ఆవిడకి ముందే ఒకసారి చూపించింది.

విడిగా ఉండటం భరించగలిగేదిగా ఉంటే జనం త్వరగా చెబుతారు. కిటికీ తెరిచి ఉంటే, ఇద్దరికీ మాస్కు ఉంటే, కొంచెం దూరంగా కుర్చీ వేసుకుని పావుగంట మాట్లాడటంలో ముప్పు బాగా తగ్గుతుంది. బాల్కనీయో, డాబానో ఉంటే ఇంకా మంచిది. వాళ్లు తిన్న కంచాన్ని సబ్బుతో కడిగితే చాలు, మరిగించక్కర్లేదు. ఆ మిగిలిన సమయాన్ని వాళ్ల దగ్గర కూర్చోవడానికి వాడమంటాను నేను.

మూసిన తలుపుతో ఇంకో ప్రమాదం ఉంది. లోపలి మనిషి పరిస్థితి దిగజారితే చూసేవాళ్లు ఉండరు. కరోనాలో ఆక్సిజన్ పడిపోతున్నా ఆయాసం తెలియకపోవడం చూశాం. చాలామందికి పరిస్థితి విషమించింది మొదటి వారం చివర్లో, ఇక తగ్గిపోతుందిలే అనుకుంటున్న సమయానికి. ఫ్లూ తర్వాత న్యుమోనియా వచ్చేటప్పుడు కూడా జ్వరం తగ్గి మళ్లీ వస్తుంది. పల్స్ ఆక్సీమీటరు మంచి సాధనమే, వరసగా 94 కన్నా తక్కువ చూపిస్తుంటే డాక్టరుకి వెంటనే చెప్పాల్సిందే. కానీ నల్లటి చర్మం ఉన్నవాళ్లలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 డిసెంబరులో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. అంకె బాగుంది కదా అని ఊరుకోవడానికి లేదు. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా, పెదాలు నీలంగా ఉన్నాయా, మూత్రం తగ్గిందా, ఛాతీలో నొప్పి అంటున్నాడా? ఇవన్నీ మొహం చూస్తేనే తెలిసేవి. గుమ్మం బయటినుంచి "ఎలా ఉంది?" అని అడిగితే "పర్లేదు" అనే జవాబే వస్తుంది.

నా స్నేహితురాలు ఒకామె నర్సు. ఇంట్లో ఉన్న రోగిని చూడటానికి వెళ్లినప్పుడు ఆమె చేసే పనుల వరస గమనించాను. ముందు కిటికీ తెరుస్తుంది. తర్వాత రోగి పక్కన నిలబడి నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది. ఆ తర్వాత బయటికొచ్చి, "రాత్రిపూట ఈయన్ని ఎవరు చూస్తున్నారు? వాళ్లు పడుకుంటున్నారా?" అని అడుగుతుంది. ఆ మూడో ప్రశ్న ఏ కాగితంలోనూ నాకు కనిపించలేదు.

ఎవర్ని పక్కకి జరపాలి

రోగినే గదిలో పెట్టాలన్న ఆలోచన మనలో ఎంత పాతుకుపోయిందంటే, అది కుదరని ఇళ్లలో ఇక చేసేదేమీ లేదని వదిలేస్తారు. మూడేళ్ల పిల్లకి ఆటలమ్మ వస్తే గదిలో ఒంటరిగా పెట్టగలమా? ఆ పిల్లని ఎవరో ఒకరు ఎత్తుకోవాల్సిందే, రాత్రి పక్కన పడుకోవాల్సిందే.

అలాంటి ఒక ఇంట్లో ఆ తల్లి చేసిన పని నాకు చాలా నచ్చింది. తనకి చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చింది కాబట్టి పిల్లని తన దగ్గరే ఉంచుకుంది. అదే ఇంట్లో గర్భిణిగా ఉన్న ఆడపడుచుకి ఎప్పుడూ రాలేదు. ఆమెని వెంటనే వేరే ఇంటికి పంపించి, ఆ రోజే డాక్టరుతో మాట్లాడించింది. గర్భిణికి ఆటలమ్మ వస్తే తల్లికీ, బిడ్డకీ ప్రమాదం. రోగి దగ్గర మసలిన 10 రోజుల్లోపు ఇవ్వగలిగే ఇమ్యునోగ్లోబులిన్ (రోగాన్ని ఎదిరించే ప్రతిదేహాలు) ఇంజెక్షన్ ఉంది. ఆలస్యమైతే ఆ అవకాశం కూడా పోతుంది. రోగిని కదపలేనప్పుడు, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లని కదపాలి. ఇంత సూటిగా ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లకి ఉపయోగపడేది! (ఇంకొకటి, సందర్భం వచ్చింది కాబట్టి: ఆటలమ్మకీ, ఫ్లూకీ పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. రేస్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన సమస్య రావొచ్చు.)

ఒకే గది ఉన్న ఇళ్లలో కూడా ఇదే దారి. రోగి మంచం గాలి బయటికి పోయే కిటికీ పక్కన, మిగతావాళ్లు గాలి లోపలికొచ్చే వైపు. పెద్దవాళ్లని వీలైతే కొన్ని రాత్రులు ఇంకోచోట పడుకోబెట్టడం. స్నానాలగది ఒక్కటే అయితే రోగి చివర్లో వాడటం, తర్వాత ఎగ్జాస్ట్ నడిపి కొంతసేపు ఖాళీగా వదలడం. ఏదీ సంపూర్ణం కాదు. ప్రతి ఒక్కటీ పీల్చే వైరస్ మోతాదుని కొంత తగ్గిస్తుంది.

ఎప్పుడు బయటికి రావాలి

అందరికీ ఒక అంకె కావాలి. అంకెలు మారుతూ వచ్చాయి. కరోనాకి 10 రోజులన్న సీడీసీ 2021 డిసెంబరు 27న దాన్ని 5 చేసింది, 2024 మార్చిలో రోజుల లెక్కే తీసేసింది. మాత్రలు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకపోవడం, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టడం, ఆ తర్వాత ఇంకో 5 రోజులు మాస్కు, దూరం లాంటి జాగ్రత్తలు. ఆ 5 రోజుల మార్పు మీద అప్పట్లో చాలా విమర్శ వచ్చింది. ఉద్యోగాలకి మనుషులు కావాలన్న ఒత్తిడి దాని వెనక ఉందన్న అనుమానం నాకూ ఉంది. వైరస్ ఐదో రోజు సాయంత్రం ఆగిపోదు, చాలామందిలో ఎనిమిది, పది రోజుల వరకు సోకుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో వారాలు పట్టొచ్చు. ఆటలమ్మకి పొక్కులన్నీ చెక్కు కట్టాలి, తట్టుకి దద్దుర్లు వచ్చాక 4 రోజులు, గవదబిళ్లలకి వాపు మొదలయ్యాక 5 రోజులు.

అయినా 2024 నాటి ఆ పద్ధతిలో నాకు నచ్చినదొకటుంది. బయటికి రావడం ఒక్క రోజులో జరిగే పనిగా అది చూడలేదు. ముందు గదిలోంచి హాల్లోకి, మాస్కుతో. భోజనం ఇంకొన్నాళ్లు విడిగానే, ఎందుకంటే తినేటప్పుడు మాస్కు ఉండదు. ఉద్యోగానికి వెళ్లడం కుదిరినా తాతగారి గదిలోకి వెళ్లడం మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. కరోనాకి ర్యాపిడ్ పరీక్ష దొరికితే, ఆ గదిలో అడుగుపెట్టే ముందు చేసుకోవడం అన్నిటికన్నా మంచిది.

ఇన్ని రోజులూ సేవ చేసిన మనిషి సరిగ్గా ఈ సమయానికే పడిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. రెండోసారి లెక్క మొదటినుంచి మొదలవుతుంది, అప్పటికి ఇంట్లో అందరి ఓపికా అయిపోయి ఉంటుంది. ఆ రెండో రోగిని ఎవరు చూడాలో మొదటి రోజే మాట్లాడుకుని పెట్టుకోవాలి. నడవగలిగే ఓపిక వచ్చాక అందుకు తగిన మనిషి, ఇప్పుడే కోలుకున్న ఆ మొదటి రోగే. అదే వైరస్ ఆ మనిషికి వెంటనే మళ్లీ సోకే అవకాశం తక్కువ.